గరుకు కాగితం వెనకవైపు

ముప్పై ఒక్కేళ్ళుగా గిటార్ల మెడలకు మెట్లు దిగ్గొడుతున్నాను.
మెడకు పంతొమ్మిది.
మెక్సికోలో, ఈ మిచోవాకాన్ కొండల మధ్య,
మా పరాచోలో ఏ వీధిలో ఏ గిటారు మోగినా
అందులో నా సుత్తి దెబ్బ ఒకటైనా ఉంటుంది.
వాయించడం మాత్రం రాదు.
ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.
వంటమనిషికి విందులో కుర్చీ వేస్తారా?

మొన్న వానాకాలం, కరెంటు పోయిన మధ్యాహ్నం
వార్నిషు పూసే కుర్రాడు తాడేయో
గరుకు కాగితం తిరగేసి
వెనక నున్నటి చోట ఆరు గీతలు గీశాడు.
"ఎర్మెలిందా గారూ, ఇవి తీగలు.
వీటి మీద అంకె వేస్తే అది మెట్టు.
అంతే."

అంతేనట!
అన్నిటికన్నా పైగీత సన్నతీగ,
అట్టడుగున లావుతీగ.
ఒళ్ళో పెట్టుకుంటే లావుతీగే కదా పైన?
"తలకిందులుగా రాశావురా" అన్నాను.
"వెల్లకిలా పడుకోబెట్టి చూడండి" అన్నాడు.
పడుకోబెట్టాను.
నా బల్ల మీద రోజూ అది పడుకునేది అలాగేగా.
వాయించేవాడికి తిరకాసు,
మెట్లు కొట్టేదానికి సూటి.
ఈ రాత కనిపెట్టినవాడెవడో
ఏదో ఒక పూట సుత్తి పట్టే ఉంటాడు.

సున్నా దగ్గర ఆగిపోయాను.
నాకు తెలిసిన సున్నాలన్నీ అప్పుల పుస్తకంలోవే,
అంకె వెనక చేరి మనిషిని ముంచేవి.
ఇక్కడ సున్నా అంటే ఏమీ లేదని కాదు.
నువ్వు వేలు పెట్టకు,
తీగ సంగతి తీగ చూసుకుంటుంది, అని.
మా ఆడబిడ్డకు ఎవరైనా ముందే నేర్పాల్సిన అంకె.

ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కిన అంకెల్ని
ఒక్కసారే మీటాలి.
మూడు వేళ్ళు మూడు దిక్కులు,
చిటికెన వేలు గాల్లో, అలిగిన అల్లుడిలా.
వేలికొనలు మండాయి.
పక్కన మెట్టు అంచు గుచ్చుకుంది.
ఆ అంచు సరిగ్గా అరగదీయనిది నేనే.
మర్నాటి నుంచి ప్రతి మెడకూ
ఆకురాయి ఇంకో రెండుసార్లు ఆడించాను.

పదకొండు రోజులకు సొంతంగా రాశాను.
పెద్ద పాటేం కాదు,
గ్యాస్ బండి మా వీధి మలుపు తిరిగేటప్పుడు
మైకులో వేసుకొచ్చే ముక్క.
రెండో తీగ మీద మూడు, మూడు, ఒకటి.
మొదటి తీగ సున్నా.
మళ్ళీ మూడు. కాదు.
ఉమ్ము పెట్టి తుడిచి, మళ్ళీ.
ఏమిటో చెప్పకుండా తాడేయో చేతికిచ్చాను.

వాయించాడు.
అంకెలన్నీ సరిగ్గానే పడ్డాయి,
గోడకు మేకులు కొట్టినట్టు, ఒకే ఎడంతో.
"ఏమిటండీ ఇది? శవం వెనకాల వాయించేదా?"

ఎక్కడ నొక్కాలో కాగితానికి తెలుసు.
ఎంతసేపు ఉండాలో తెలీదు.
అది నేను రాయలేదు, రాయడానికి చోటూ లేదు.
గొంతు సవరించుకుని, సిగ్గు విడిచి
కూనిరాగం తీశాను,
రెండో మూడును సాగదీసి, ఒకటిని విదిలించి.
వాడు పట్టేశాడు.
గట్టిగా, హుషారుగా, రెండుసార్లు.

ఎదురింటి తలుపు భళ్ళున తెరుచుకుంది.
రెమేదియోస్ ఖాళీ సిలిండర్ దొర్లించుకుంటూ
ఒక కాలికే చెప్పుతో వీధిలోకొచ్చి
అటూ ఇటూ చూసింది.
"బండేదీ?"
కాగితం చూపించాను.
తిప్పి తిప్పి చూసి, గరుకువైపు బొటనవేలు రాసి
"ఇందులో గ్యాస్ ఎంత?" అంది.

తెల్లారి వచ్చేసరికి
ఎవరో సగం చింపి ఏదో మెడ నునుపు చేసేశారు.
మిగిలిన సగం
మూడు, మూడు, ఒకటి దగ్గర ఆగింది.
పోనీ.
గురువారం బండి వస్తుంది.
పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాను.