మూడో ప్రూఫు

అల్లిపురంలో మా ప్రెస్సుకి ఎన్నికలంటే
ముందు కాగితం ధర పెరగడం,
తర్వాత గొర్లె అసిరినాయుడు మెట్లెక్కి రావడం.

మొదటిసారి సంచిలో
మరమరాల పొట్లం కింద నలిగిన రాతప్రతి:
"మన పొట్ట కొట్టే బయటివాళ్లని
పొలిమేర దాటిద్దాం."
పొలిమేర ఎక్కడండీ అన్నాను,
అగనంపూడి టోల్‌గేటా, ఆనందపురమా?
"నువ్వు దీర్ఘాలు సూడమ్మా,
ఊరి సంగతి మేం సూస్తాం" అన్నాడు.
చూశాను. రెండు దీర్ఘాలు, ఒక ఒత్తు.

కటింగ్ మెషిన్ దగ్గర బినోద్ బెహరా,
గంజాం వాడు, తెలుగు మాట్లాడతాడు, చదవలేడు,
తనని వెళ్లిపొమ్మనే కాగితాల్ని
అంచులు సమంగా కోసి
వందకో రబ్బరు బ్యాండు వేశాడు.
"ఇందులో ఏటుందక్కా?"
"ఓట్లడుగుతున్నారు."

ఇరవై వార్డుల్లో నిలబడ్డారు.
నాలుగు.

సమీక్ష కంచరపాలెంలో ఎవరిదో మేడ మీద పెట్టారట,
వాన నీళ్లకి షామియానా పొట్ట దిగి
ఎవరూ ఎవరి మొహం చూడలేదట.

రెండోసారి రాతప్రతి టైపు చేసి వచ్చింది.
'బయటివాళ్లు' పోయి 'వలస సోదరులు'.
'దాటిద్దాం' పోయి
'సంప్రదింపుల ద్వారా పరిష్కరించుకుందాం'.
ఓటమి మనుషులకి
సమాసాలు నేర్పుతుంది కాబోలు అనుకున్నాను.
అసిరినాయుడి గొంతు కూడా తగ్గింది.
మెత్తబడిందో,
అరిచి అరిచి బొంగురుపోయిందో
బయటినుంచి వినేవాళ్లకి తెలీదు.

బీచ్ రోడ్డులో చూస్తుంటాం కదా,
కెరటాలు ఇసుక కోసుకుపోతాయి,
డ్రెడ్జరు వచ్చి గొట్టంతో మళ్లీ పోస్తుంది.
ఆదివారం దానిమీదే కూచుని
మొక్కజొన్న పొత్తులు తింటాం,
తీరం తిరిగొచ్చిందని.

బినోద్ కోశాడు, కట్టాడు, అడిగాడు.
"ఓట్లేరా" అన్నాను.
కరపత్రం మారింది గానీ
నా జవాబు మారలేదు.
సోదరుడన్నారని చెప్పి ఉండాల్సింది.
ఎందుకో చెప్పలేదు.

మళ్లీ ఓడారు.
ఈసారి ఎవరు ఓడారన్నదే సంగతి.
ఒకే కుళాయి దగ్గర నాలుగు భాషలు
బిందెలు పెట్టే వార్డుల్లో
మెత్తగా మాట్లాడి తిరిగినవాళ్లు ఓడారు.
అసిరినాయుడు నూట పన్నెండు ఓట్లకి పోయాడు.
గోడౌన్లో మిగిలిన పాత కరపత్రాలే పంచిన
ముగ్గురు గెలిచారు.
తర్వాతి సమావేశంలో కుర్చీలు వాళ్లవి.
ఓడినవాళ్లు మెట్ల మీద నిలబడ్డారు,
కొందరు అక్కణ్ణించే దిగిపోయారు.

ఓటమి పాఠం చెబుతుందంటారు.
చెప్పే ఉంటుంది.
ఆ రోజు తరగతిలో మిగిలింది మాత్రం
పాఠం అక్కర్లేనివాళ్లు.

మూడోసారి ఎల్లపు సత్యవేణి వచ్చింది,
ఆ ముగ్గురిలో చిన్నది, ముప్పై నిండలేదు,
రాతప్రతి ఫోన్లో ఉంది.
"మెత్తగా సెప్తే సేతకానోళ్లనుకున్నారక్కా."
ప్రూఫు తీసి ఎర్ర పెన్ను పట్టుకుని కూచున్నాను.
పాత మాటలే, ఇంకాస్త పదును పెట్టి.
పైనుంచి కిందకి, కిందనుంచి పైకి వెతికాను,
ఒక్క అక్షర దోషం లేదు.

పాత బాకీ కట్టడానికొచ్చిన అసిరినాయుడు
బెంచీ చివర కూచుని
చల్లారిన టీలో ఈగని చూస్తున్నాడు.
"ఇది నువ్వు మొదట రాసిందే కదన్నా" అన్నాను.
"నాను కోపంలో రాసినానమ్మా" అన్నాడు.
అంతకంటే చెప్పలేదు.

ఈ రెండేళ్లలో బినోద్
సిటీ బస్సుల బోర్డులు చూసి
అక్షరాలు కూడబలుక్కున్నాడు,
సింహాచలం, కొత్తవలస, గాజువాక.
మెషిన్ ఆపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని,
నా భుజం మీంచి వంగి
పెద్దక్షరాల మీద వేలు పెట్టాడు.

"పొ... లి... మే... ర.
ఇది ఏ స్టాపక్కా?"