కన్నం లేని చోట

కొత్త బోర్డు బరంపురం నుంచి బస్సులో వచ్చింది,
కండక్టరు ఒడిలో, పసిపిల్లలా.
అట్టపెట్టె మీద ఏడు రోజుల గ్యారంటీ చీటీ.
ఇవాళ ఆరో రోజు.

ఫ్యాను తిరుగుతోంది. తెర వెలుగుతోంది.
కీబోర్డు పాతకాలపు గుండ్రటి పిన్నుది,
అందుకని అదొక్కటీ పలుకుతోంది.
వెనకవైపు ఆరు యూఎస్‌బీ కన్నాలు మాత్రం
ఉలకవు, పలకవు.
మౌస్ పెట్టాను. పెన్‌డ్రైవ్ పెట్టాను. ఊదాను కూడా.
తెర మూలన ఒక మాట వచ్చి పోతుంది:
పోర్టు కరెంటు ఎక్కువ లాగుతోందట.
ఏదీ పెట్టని కన్నం
ఎవరి కోసం లాగుతుంది కరెంటు?

కుర్చీలో బృందావన్ మహారాణా, పొద్దున్న ఎనిమిదింటి నుంచీ.
రేషను కార్డుకి వేలిముద్ర కలపాలి,
లేకపోతే వచ్చే నెల బియ్యం ఆగిపోతాయి.
వేలిముద్ర యంత్రం గుచ్చాల్సింది ఆ కన్నాల్లోనే.
కొమ్ము చెక్కే చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని
"ఆఉ కెతే బేళొ?" అంటాడు.
"ఇదిగో, అయిపోతంది" అంటాను.
మా పర్లాకిమిడిలో ప్రశ్న ఒక భాషలో ఎక్కి
జవాబు ఇంకో భాషలో దిగుతుంది.
ఎవరూ టిక్కెట్టడగరు.

బరంపురం షాపుకి ఫోను చేస్తే
"డ్రైవర్ వెయ్యండి మేడం." వేశాను.
"బయోస్‌లో చూడండి." చూశాను.
అన్నిటి పక్కనా "ఎనేబుల్డ్" అనే ఉంది,
సంతకాలన్నీ పడి పని మాత్రం కాని ఫైల్లాగ.
"అయితే బోర్డే పోయింది, పంపించెయ్యండి."

జునేష్ రైతా ఒప్పుకోలేదు.
గుమ్మ వైపు కొండ మీంచి దిగొచ్చి
రెండేళ్ళుగా నా దగ్గర జిరాక్సులు తీస్తున్న కుర్రాడు.
ఇంట్లో సవర, బళ్ళో ఒడియా, నాతో తెలుగు.
మూడింట్లోనూ మాట తక్కువే.
"విప్పుదాం" అన్నాడు.

బోర్డుని డబ్బాలోంచి తీసి
అది వచ్చిన అట్టపెట్టె మీదే పడుకోబెట్టాడు.
ఒక్క ర్యాము, పవరు తీగ, అంతే.
స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులు ముట్టించాడు.
మౌస్ పొట్టలో ఎర్రదీపం!

ఒక్కో కన్నమూ చూశాం. ఆరూ బతికే ఉన్నాయి.
ఆరు రోజులుగా నేను తిట్టిన బోర్డుకి
ఏ జబ్బూ లేదు. జబ్బు ఇంటిది.

టార్చి వేస్తే, డబ్బా అడుగు రేకు మీద
తొమ్మిది ఇత్తడి గుంజలు, చిటికెన గోరంతవి.
బోర్డుకి స్క్రూ కన్నాలు ఎనిమిదే.
పాత బోర్డుని తొమ్మిదేళ్ళు మోసిన గుంజ ఒకటి
కన్నం లేని చోట నిలబడి
కొత్తదాని వీపులో పొడుస్తోంది.
దాని తప్పేటుంది,
నిలబడమన్న చోట నిలబడింది.
విప్పనిది నేను. కరెంటు పోతుందేమోనన్న తొందరలో
రాత్రికి రాత్రి బిగించింది నేను.
షాపువాడికి ఈ సంగతి చెప్పలేదు, చెప్పను కూడా.

సాయంత్రం నాలుగింటికి యంత్రం వెలిగింది.
మహారాణా బొటనవేలు పెట్టాడు. ఎరుపు.
తడిగుడ్డతో తుడిచాం. ఎరుపు.
చూపుడు వేలు. ఎడమ చెయ్యి. ఎరుపు, ఎరుపు.
యాభై ఏళ్ళు కొమ్ముకి నునుపు పెడుతూ పెడుతూ
తన గీతలకీ పాలిష్ పట్టేశాడాయన.
పోర్టు బాగుంది, తీగ బాగుంది, బోర్డు బంగారం.
దీనికి ఏ డబ్బా విప్పాలో
జునేష్‌కీ తెలీదు.

"రేపు కంటిపాప యంత్రం తెప్పిస్తాను, రండి" అన్నాను.
ఆయన వినడంలేదు.
బల్ల మీది గుంజని రెండు వేళ్ళతో ఎత్తి
వెలుతుర్లో తిప్పుతున్నాడు.
"పితళొ?"
"ఇత్తడే."
చెక్కుతున్న కొంగకి ఇంకా కన్ను పెట్టలేదట.
జేబులో వేసుకుని, ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టాడు.
పని కాలేదు కదా, వద్దన్నాను.

"ఇది దాని ఖరీదు" అన్నాడు,
తెలుగులో.