అంచు దాటిన సున్న

తిబిలీసిలో, చుగురేతి వీధిలో, నేలమాళిగ అచ్చాఫీసు.
మెట్లు దిగితే ముందు సిరా వాసన,
ఆ తర్వాత నజిబ్రోలా దగ్గు.
డెబ్బై ఒకటో ఏట కూడా కత్తెర వదల్లేదు.
నా కంప్యూటర్ వంక చూసి
"అందులో అన్నీ కుదురుగానే ఉంటాయి, అదే రోగం" అంటుంది.

ఆ శుక్రవారం జుంబెర్ వచ్చాడు, రొట్టెల జుంబెర్,
కనురెప్పల మీద పిండి.
కొత్త కొట్టుకి పోస్టరు కావాలట.
జేబులోంచి మడత కాగితం తీశాడు:
చుక్కలు, బాణాలు, పేలుతున్న సూర్యుడు,
రెండు పక్కలా గోధుమ కంకులు,
మధ్యలో వాళ్ళ నాన్న ఫోటో,
ధర నాలుగు చోట్ల.
నేను అన్నీ పేర్చాను. నమ్మండి, అన్నీ పట్టాయి.
పెళ్ళికి ముందురోజు వంటిల్లులా తయారైంది పేజీ,
కాలు పెట్టే చోటు లేదు.

నజిబ్రోలా ఏమీ అనలేదు.
నల్ల కాగితం తీసి కత్తిరించింది
ఒక సున్న, ఒక పలక, ఒక మూడుమూలల ముక్క.
తెల్ల అట్ట మీద పాచికల్లా విసిరింది.

"ఈ మూడుమూలల్ది వేలు చూపించే మనిషి.
ఎటు చూపిస్తే అటు తిరుగుతాయి తలలు.
గుంపులో నలుగురు నాలుగు వైపులు చూపిస్తే
దొంగ ఎటు పారిపోయినట్టు?"
పలకని అడుక్కి జరిపింది.
"ఇది పడుకున్న ఎద్దు. ధర దీని వీపు మీద పెట్టు,
ఒక్కసారే. ఎక్కడికీ పోదు."

సున్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది.
నడిమికి తోసింది. "బొత్తాం."
పైకి తోసింది. "చంద్రుడు. మనం అమ్మేది చంద్రుణ్ణి కాదు."
ఎడమకి, ఇంకా ఎడమకి,
మూడో వంతు అట్ట బయట వేలాడేదాకా.
అప్పుడు తగిలింది నాకు వేడి.
వంగి తొంగిచూడాల్సిన పొయ్యి నోరు అది;
మిగతాది గోడ అవతల ఉంది,
జుంబెర్ చెయ్యి కూడా అక్కడే, భుజందాకా.

మిగిలిన తెలుపు అంచు వెంట వేలితో గీశాను.
ఒక పక్క లోతుగా నొక్కుకుపోయి,
ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన దిండులా ఉంది.
"అదీ ఆకారమే" అంది. "దాన్నెవరూ కత్తిరించరు."
మా అక్షరాలు ఎలాగూ గుండ్రటివి.
ఆ వంపు పక్కన మూడే మాటలు,
చలి కాచుకునే పిల్లల్లా.

"ఖాళీకి కూడా డబ్బులా?" అన్నాడు జుంబెర్.
"ఖాళీకే."

మూడు వందలు అచ్చయ్యాయి.
రాత్రి కోత ఎల్గుజాది. మంచివాడు; అదే చిక్కు.
సున్న తెగిపోతోందని జాలిపడ్డాడు.
కోత గుర్తులు దాటి, కాగితం వెడల్పుగా వదిలి,
మొత్తం సున్న లోపలికి వచ్చేలా కోశాడు.
పొద్దున్నే గర్వంగా చూపించాడు,
"కాపాడాను."

మూడు వందల బొత్తాలు.
తెగినప్పుడు ఎంత పెద్దది,
నిండగానే ఎంత చిన్నదైపోయింది!

నజిబ్రోలా తిట్టలేదు. ఎల్గుజాకి టీ పోసింది.
"తక్కువ కోశావు, అదృష్టం. ఎక్కువ కోసుంటే ఏడ్చేవాళ్ళం."
మళ్ళీ కట్టలు కత్తి కిందికి వెళ్ళాయి.
దెబ్బకి యాభై.
నేలంతా తెల్ల పట్టీలు, ప్రతి పట్టీ మీదా
నల్లగా ఒక తెగిన వంపు.

కట్టలు తీసుకెళ్ళడానికొచ్చిన జుంబెర్
వంగి ఒక పట్టీ తీశాడు.
చుట్టూ ఉన్న తెలుపు గోటితో చింపేశాడు.
ఒక వైపు తిన్నగా, ఒక వైపు పొట్ట, రెండు కొనలూ మొనలు.
అరచేతిలో పెట్టుకుని చూశాడు, చూశాడు.
"షోతి" అన్నాడు. "నా రొట్టె.
కొంచెం మాడింది, అంతే."

పోస్టర్లు ఎక్కడెక్కడ అంటించాడో, వానకి ఎన్ని మిగిలాయో తెలీదు.
కొట్టు తలుపు మీద మాత్రం ఆ చింపిన ముక్కే ఉంది,
ఒక్క అక్షరం లేకుండా.
నిన్న వరసలో నిలబడ్డాను.
నా ముందు చంటిపిల్ల వాళ్ళమ్మ కొంగు... కాదు, కోటు లాగి
వేలు చూపించింది:
"పడవ!"

నజిబ్రోలాకి ఈ మాట ఇంకా చెప్పలేదు.