కుడి భుజం

ముందు చక్రం మూలుగుతోందన్నాడు.
వేగం అరవైకి దిగితే హ్యాండిల్ వణుకుతుందట,
ఎనభై దాటితే మానేస్తుందట.
బాయియా బ్లాంకాలో ఒకడు బేరింగులన్నాడు,
ఇంకొకడు ఫోర్కులో నూనె అన్నాడు.
ఇద్దరికీ డబ్బులిచ్చాడు.

జాకీ ఎక్కించి, చెయ్యి తుడుచుకుని
టైరు మీద పెట్టాను.
ఇటు నిమిరితే పిల్లి వీపు.
అటు నిమిరితే ఆకురాయి.
చేప పొలుసుల్లా పైకి లేచి ఉంది రబ్బరు.
గాలి తక్కువై, బ్రేకు ఎక్కువైన టైరు ఇది.
గులకరాళ్ళ రోడ్డు మీద భయపడ్డావు కదూ, అన్నాను.
రియో మాయో దాటాక, అన్నాడు,
ఒక గ్వానకో అడ్డమొచ్చింది.
ఆ తర్వాత ప్రతి పొదా గ్వానకోయే.

అది సరే. అసలు సంగతి అంచుల్లో ఉంది.
ఎడమ భుజం ఇంకా కొత్తదే,
అచ్చులోంచి తెచ్చుకున్న రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు,
ఈ పూట పుట్టిన గొర్రెపిల్ల చెవి నూగులా.
కుడి భుజం బోడి.
గాడిలో నాణెం నిలబెట్టి చూపించాను:
ఎడమ పక్క సగం మునిగింది.
కుడి పక్క నిలబడనే లేదు,
నేల మీద పడి, బెంచీ కిందకి దొర్లిపోయింది.

నేను తిన్నగానే నడిపాను, అన్నాడు
ముప్పై నాలుగేళ్ళు రేవులో లెక్కలు రాసిన ఎల్బియో మొరెస్కో.
గీత గీసినట్టు నడిపాను.

గీత తిన్నదే. వంగింది నువ్వు.
తొమ్మిది రోజులు దక్షిణానికి వచ్చావు,
తొమ్మిది రోజులూ పడమర నుంచి గాలి.
అది నెడుతుంది, నువ్వు దానికి ఆనుకుంటావు.
మొదటి రోజు తెలుస్తుంది.
రెండో రోజు మెడ పట్టేస్తుంది.
మూడో రోజుకి ఆ వంకరే నిటారు.
ఇక అది ఒక్క క్షణం ఆగిందా,
ఎవరో కుర్చీ లాగేసినట్టు పడబోతావు.

ఆగింది, అన్నాడు చాలాసేపటికి.
ఒక్కసారి. ఒక కొండ చాటున.
నాకు ఆ కొండ మీద కోపమొచ్చింది.

తీసి, తిరగేసి వెయ్యకూడదా?
టైరు పక్కన పోతపోసిన బాణం మీద
నా వేలు పెట్టాను.
వేలు తీసేదాకా చూశాడు.

కొత్తది వేశాను. ముప్పై ఆరు పౌండ్లు,
ప్రతి ఉదయం, చల్లగా ఉన్నప్పుడే చూసుకో.
వచ్చిన రోడ్డునే వెనక్కి పో,
అప్పుడు గాలి ఎడమ నుంచి కొడుతుంది,
లెక్క సరిపోతుంది.
లెక్క అన్న మాటకి నవ్వాడు గానీ
ఉషువాయాలో బండి అమ్మేస్తాడట,
విమానం టికెట్టు జేబులోనే ఉందట.
మాతే బుర్రలో వేడినీళ్ళు పోసి ఇచ్చాను.
చప్పుడయ్యేదాకా పీల్చి, తిరిగిచ్చి,
హెల్మెట్ పెట్టుకున్నాడు.

పాత టైరు పైకప్పు మీదకి విసిరాను.
రేకులు ఎగిరిపోకుండా అక్కడ
నూట అరవై దాకా ఉన్నాయి.
మా అన్న రూపెర్తో మొదలుపెట్టిన బరువు.
దాదాపు అన్నీ ఒక పక్కే అరిగినవి.
రెండు పక్కలా సమంగా అరిగి
నా చేతికి వచ్చినవి నాలుగు.
వాటిని పైకి విసరలేదు, లోపల గోడకి తగిలించాను,
ఎందుకని ఎవరూ అడగలేదు.

చీకటి పడ్డాక షట్టరు దించి
ఇంటికి నడుస్తాను, ఆరు వందల గజాలు.
జుట్టు ఎప్పుడూ ఒకే చెంప మీద.
గుమ్మంలో బూట్లు విడిచి
మడమలు గోడవైపు తిప్పి పెడతాను.