పద్నాలుగో రూటు

యూక్లిడ్ పోస్టాఫీసులో తెల్లారి ఆరింటికి
నా ముందు ఇనప గూళ్ల చట్రం.
గూటికో ఇల్లు.
ఇల్లు ఖాళీ అయితే దాని గూట్లో ఓ అట్టముక్క పెడతాం,
'ఖాళీ' అని. రాత నాదే.
ఎండాకాలంలో నాలుగు.
మంచు పడేసరికి పందొమ్మిది.

రెండొందల ఇరవయ్యారో వీధిలో
కుక్కలు కూడా మొరగడం తగ్గించాయి.
ఒక ఇంట్లో రాత్రికి రాత్రే ఎవరో రాగి గొట్టాలు కోసుకుపోయారు.
నీళ్లు మెట్లు దిగి వచ్చి
గడప దగ్గర గడ్డకట్టాయి,
వెళ్లిపోదామని బయల్దేరి మనసు మార్చుకున్నట్టు.
ఎరీ సరస్సు గాలికి
తలుపు మీది షెరీఫ్ నోటీసు ఓ మూల ఊడి
టపటపలాడుతోంది.

నాకు కవర్లు తెలుసు, బరువును బట్టి.
మొదటిది పల్చన. మర్చిపోయారేమో అంటుంది, మర్యాదగా.
రెండోది గొంతు సవరించుకుంటుంది.
మూడోది ఒంటికి పచ్చ కార్డు అంటించుకుని వచ్చి సంతకం అడుగుతుంది.
పచ్చ కార్డంటే మా చుట్టాలకి వేరే ఏదో గుర్తొస్తుంది.
నాకిదే.
ఆపైన వచ్చేవి లాయర్లవి,
వాటికి మర్యాదతో పని లేదు.

చెప్పకూడదు. రూలు.
ఉత్తరాలు మోసేవాళ్లకి నోరుండకూడదు.
మిసెస్ టిబ్స్ నవ్వుతూ సంతకం చేసి
కవరు విప్పకుండానే బ్రెడ్డు డబ్బాలోకి తోసేది,
వంటింటి కిటికీలోంచి కనపడేది నాకు.
మూత పట్టనంతగా నిండాక
సామాన్ల ట్రక్కు వచ్చింది.

ఇప్పుడు అసలు మాట.
మా వీధి నా రూట్లో లేదు, అక్కడికి వచ్చేది వెర్నన్.
అతనికీ నోరు లేదు.
కానీ నవంబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి
కవరు చేతికిచ్చాక
ఓ క్షణం ఎక్కువ నిలబడ్డాడు.
నేను నవ్వాను. అచ్చం ఆవిడ లాగే.
బియ్యం డ్రమ్ములో దాచాను.
సోలతో బియ్యం తీసినప్పుడల్లా
ఓ మూల వేలికి గుచ్చుకునేది.
ఫౌండ్రీ మూతపడ్డాక నరహరి
హీటరు తగ్గించి కోటు తొడుక్కుని కూర్చుంటాడు.
వడ్డీ ఎంతకి పెరిగిందో ఇద్దరికీ తెలుసు.
ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

కూరగాయల దగ్గర కనపడింది మిసెస్ టిబ్స్.
చెల్లెలింట్లో సోఫా మీద పడుకుంటోందట.
బంగాళదుంపలు ఏరుతూ, నా వైపు చూడకుండా అంది:
"లైబ్రరీలో ఒకావిడ కూర్చుంటుంది, ఫీజు లేదు.
నేను వెళ్లేసరికి ఏడో నెల.
కాగితాలు చూసి నా చెయ్యి పట్టుకుంది.
చెయ్యి పట్టుకున్నారంటే ఇంక చేసేదేం లేదని.
రెండో నెలలో వెళ్లుంటే
పెన్ను పట్టుకునేది."

ఆ రాత్రి సోల పక్కన పెట్టి
మోచేతి దాకా చెయ్యి దించాను.
రెండు కవర్లు, తెల్లటి పిండి పట్టి.
గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకనేది అమ్మమ్మ.
ఆ గోరు ఇదేనని ఎప్పుడూ అనుకోలేదు.
అంచున పెట్టి లాగాను.
చప్పుడు చిన్నదే.
పక్క గదిలో నరహరి లైటు వేశాడు.

శనివారం, లైబ్రరీ కింది గది.
తాడు కట్టిన కళ్లద్దాలు, మిస్ డ్రగోవిచ్.
"ఎన్ని నెలలు?"
"రెండు."
తలెత్తింది. "రెండేనా?"
జాలిపడలేదు. చెయ్యి పట్టుకోలేదు.
పెన్ను మూత తీసింది.

ఇల్లు నిలుస్తుందో లేదో ఇంకా తెలీదు.
బ్యాంకు ఫోన్లో వచ్చే సంగీతం
నరహరికి కంఠతా వచ్చేసింది.

సోమవారం మళ్లీ పద్నాలుగో రూటు.
మూల మీది నీలం ఇంటికి ఒక కవరు.
పల్చన. మొదటిది.
ఆ అమ్మాయి మెట్ల మీద మంచు గీకుతోంది.
చెప్పకూడదు.
ఇచ్చాను.
కదల్లేదు.
బూట్లలో వేళ్లు తిమ్మిరెక్కాయి,
ఆమె పార గోడకి ఆనించి
నా ముఖం చూసి, కవరు చూసి,
చేతి తొడుగు విప్పేదాకా.