మొగం పడగూడదు

శుక్రవారం. ఫర్వానియాల మిద్దె మీద
నీళ్ల ట్యాంకు నీడల మా షూటింగు.
ఓబుళమ్మ ప్రేమను నేను తియ్యాలె,
నా ప్రేమను ఆమె.

"మొగం పడగూడదు గంగారామా."
సరే. మారిసెల్ పగిలిన మడిమకు
వాజిలీన్ రాసే వేళ్లు తీసిన.
మూడు నిమిషాలు.
నడుమ ఒక నవ్వు పడ్డది, కొయ్యలే.

ఆమె వంతుకు
ఇద్రీస్ లారీని పట్టుకొచ్చింది ఫోన్ల:
ఖాళీ సీటు, అద్దానికి ఊగే తస్బీ.
"మనుషులేరి?" అన్న.
"సీటు గుంత చూడప్పా, ఇద్దరి బరువుంది."

నాలుగేండ్ల సంది కూసుంటున్న,
ఒక్కనాడు చూడలే.

పొద్దుగూకేలోపు రెండూ చెరిపెయ్యాలె, అదీ మాట.
ఆమె లారీని చెరిపేసి
డ్యూటీకి చెప్పులేసుకుంటోంది.
నా ఫోన్ల ఇంకా ఆ నవ్వు.
దాని మీదికి వేలు పోతలేదు.