పద్దు

సైదాపురం అవతల అబ్రకం గని ఆఫీసులో
ముప్పై ఏళ్ళు లెక్కలు రాశా.
ఆటకు జీతమిచ్చే పద్దు మా పుస్తకాల్లో లేదు.
అందుకే ఇండ్ల పోలేరయ్య మొదటి పదకొండు రూపాయల్ని
పంపు వాషర్లు అని రాశా.

తట్ట మోసే మనిషి.
తలమీద రాళ్ళు, మెడమీద తళుకులు.
కాకిబంగారమంటారు మావైపు.
కాకికీ అక్కర్లేదు, బంగారమూ కాదు,
ఎంత తోమినా ఒంటిని వదలదు.
సాయంత్రం షెడ్డు వెనకాల చెడుగుడు ఆడితే
ఏడుగురు మీదపడ్డా
ఆ ఏడుగుర్నీ ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చేవాడు.
మేనేజరు చూసినాడు.
"ఆట రోజు తట్ట పట్టబాక.
రెండు గుడ్లు, పదకొండు రూపాయలు."
పోలేరయ్య నమ్మలా.
"ఎగిరినందుకా సామీ?" అన్నాడు నాతో.
"పట్టుబడనందుకు" అన్నా.

ఆ డబ్బుతో మేకపిల్లను కొన్నాడు.
వాషరని దానికి పేరు పెట్టింది నేనే.

వెంకటగిరిలో మగ్గాలోళ్ళ జట్టును గెలిచినాడు.
నాయుడుపేటలో ఓడి, బస్సెక్కమన్నా ఎక్కక
రైలుకట్ట వెంబడి నడిచొచ్చినాడు.
నెల్లూరు పోలీసుల మీద
కూత తెగకుండా నలుగుర్ని తాకి
బొటనవేలు గీతకు ఆనించినాడు.
రెఫరీ విజిలు ఎవరికీ వినపళ్ళా.
కుడి భుజం అక్కడే జారింది.
పుత్తూరు కట్టు కట్టించుకొని
ఆకుపసరు వాసనతో మూడోవారానికి మళ్ళీ బరిలో.
ఆ కట్టు ఖర్చు
దూలాల మరమ్మతు.

ఇంకో సంగతి, ఇది పుస్తకంలో లేదు.
రాపూరు గనోళ్ళు పదిహేనిస్తామన్నారు.
శనివారం చీకటిపడ్డాక ఎవరి బండో ఎక్కి పోయి
మస్తానని పేరు చెప్పి ఆడొచ్చేవాడు.
ఒకసారి పొదలకూరులో మా జట్టు మీదికే
మస్తానై దిగినాడు, మొహానికి తువ్వాలు చుట్టి.
తువ్వాలు జారింది.
మేనేజరు నావైపు చూసినాడు,
నేను సోడాబండి వైపు.
మావాళ్ళు ఓడిపోయారు.
సోమవారం తట్ట దించుతూ
"మస్తానెవరో బాగా ఆడతాడంట గదా సామీ" అన్నాడు.

తొమ్మిదో ఏడు కూత పొట్టిదైంది.
ఊరవతలికి వినపడే గొంతు
గీత దాటిన నాలుగడుగులకే తెగేది.
వయసన్నారు. బీడీలన్నారు.
గని పొడి పీల్చినోళ్ళందరికీ
ఒకేసారి వయసెట్టా వచ్చిందో ఎవరూ అడగలా,
నేనూ అడగలా, నాకు జీతముంది.
చివరాటలో మీసం రాని కుర్రాడొకడు పట్టేసినాడు,
పట్టి, తప్పు చేసినట్టు వదిలేసినాడు.
అది పోలేరయ్యకు నచ్చలా.
"గట్టిగా పట్టు" అని కసిరినాడు.

గని మూసినప్పుడు పుస్తకాలు తగలెట్టమన్నారు.
ఒకటి దాచా.
గూడూరు ఆసుపత్రిలో మంచం పక్కన కూచుని చదివా:
వాషర్లు, దూలాలు, తాళ్ళు, కిరసనాయిలు.
డెబ్బై ఏడు ఆటలు,
ఎనిమిది వందల నలభై ఏడు రూపాయలు.
"నా పేరేడుంది?"
ఎక్కడా లేదని చెప్పా.
"అయితే నేను పంపునన్నమాట" అని నవ్వబోయినాడు,
దగ్గొచ్చింది.
దగ్గు అణిగాక గుక్కపట్టి
చెడుగుడు చెడుగుడు అని మొదలెట్టినాడు, మెల్లిగా,
పక్కమంచం ముసలాయన తలతిప్పి చూసేటట్టు.
నేను అలవాటు కొద్దీ లెక్కపెట్టా.
తొమ్మిది దాకా వచ్చింది.
నర్సు వచ్చి కిటికీ తెరిచి పోయింది.